రాకాసిగుండ్ల పన్నెండో రాయి

"రాయి నడిచిందమ్మా. నాకు పిచ్చి పట్టిందనుకోవద్దు. నా పొలం హద్దురాయి నడిచిపోయి రాకాసిగుండ్లల్లో నిలబడింది."

ఈ మాటలు చెవిన పడగానే ఫిలిప్‌కు కలిగింది ఆశ్చర్యం కాదు, ఒళ్ళుమంట. ఆ రోజు అతని పెళ్ళిరోజు. పదిహేనేళ్ళ కాపురంలో రెబెకాను ఒక్కసారి కూడా బెలుం గుహలకు తీసుకుపోలేదు. నంద్యాలలో పుట్టి పెరిగి బెలుం చూడని ఆడదాన్ని నేనొక్కదాన్నేనని ఆమె దెప్పని పండగ లేదు. అందుకని మూడు వారాల కిందటే సెలవు అడిగాడు. వారం కిందట గుర్తు చేశాడు. నిన్న సాయంత్రం ముచ్చటగా మూడోసారి చెప్పాడు. ఆఫీసు తాళాలు ఇచ్చేసి పోదామని పొద్దున ఏడింటికి మేడెక్కాడు, అంతే. కింద కారులో రెబెకా కొత్త చీర కట్టుకుని, టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

తాళాలు అందుకోవలసిన మనిషి వాటి వంక చూడను కూడా చూడలేదు. ఆమె పేరు ఉమామహేశ్వరమ్మ. వయసు యాభై ఎనిమిది. నంద్యాల బస్టాండు వెనక సందులో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్న ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆమె తండ్రి పాతకాలపు కరణం. చిన్నప్పుడు ఆయన వెంట పొలాల హద్దులన్నీ తిరిగింది కాబట్టి, పెళ్ళికొడుకుల గుట్టుమట్లయినా, తోటల దొంగతనాలయినా ఆమె ముందు ఎంతోసేపు దాగవు. తొమ్మిదేళ్ళుగా ఆమె దగ్గర పనిచేస్తున్న ఫిలిప్‌కు ఆమె తెలివి మీద ఎంత గురి ఉందో, ఆమె వేళాపాళా లేనితనం మీద అంత చిరాకూ ఉంది.

"కూర్చో బాలమ్మా. మొదటినుంచి చెప్పు," అంది ఉమామహేశ్వరమ్మ.

వచ్చినామె కుర్చీ అంచున కూర్చుంది. నలభై అయిదేళ్ళుంటాయి. కాళ్ళకు నల్లరేగడి ఇంకా ఆరలేదు. ఆళ్ళగడ్డ దాటి నాలుగు కిలోమీటర్లు పోతే వచ్చే వెలిదండ్లపల్లె ఆమెది. మామ వదిలిపోయిన రెండెకరాలు తప్ప వేరే ఆధారం లేదు. మొగుడు పోయాక రెండు బోర్లు వేయిస్తే రెండూ ఎండినవే. మూడోదాంట్లో నీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళతోనే ఈ రెండేళ్ళుగా పసుపు పండించుకుంటోంది.

"పక్కన సుబ్బయ్య పొలం. ఆయనకూ నాకూ నడుమ హద్దంటే ఉత్తరాన ఆ నిలువురాయి, దక్షిణాన కాలవ తూము. రెంటికీ గీత గీస్తే అదే హద్దు. నా బిడ్డ కాన్పని ప్యాపిలికి పోయి పదిహేను దినాలుండి వచ్చినా. వచ్చి చూస్తే రాయి దాని చోట ల్యా. తూర్పుపక్కకు పోయి గుండ్లల్లో నిలబడుండాది. ఈ పొద్దు మూడు గంటలకు సర్వేయరు వస్తాండాడు. ఆ రాతికాన్నుంచి కొలిస్తే నా బోరు సుబ్బయ్య పాలయితాది."

"ఊళ్ళో ఎవర్నీ అడగలేదా?"

"అడిగినా. ఆ రాయి ముందునుంచీ ఆడే ఉన్నట్టుందే అంటారు. ఆడ కంపచెట్ల నడుమ ఏ రాయి యాడుండేదో ఎవురు చూసినారు? సుబ్బయ్యతో ఎందుకని నోరు కుట్టేసుకున్నారు." చెంగులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. "ఎమ్మార్వో ఆఫీసుకు అర్జీ రాయించి ఇచ్చినా. దాని నకలు ఇది. మా జయప్రకాష్ సారు రాసిచ్చినాడు. మా చర్చిలో పెద్ద. శానా మంచోడు."

ఉమామహేశ్వరమ్మ కాగితం విప్పి పైకి చదివింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పొలం వివరాలన్నీ చక్కగా రాసి, చివర 'గుర్తు తెలియని వ్యక్తులు నా హద్దురాయిని తొలగించినారు' అని ముగించారు.

బాలమ్మ ముఖం చిట్లించింది. "గుర్తు తెలియనోళ్ళా? సుబ్బయ్య పేరు రాయమని రెండుసార్లు చెప్పినానే."

"రాసింది చదివి వినిపించలేదా ఆయన?"

"ల్యా. నాకు చదవను రాదు. వేలిముద్ర ఎయ్యమంటే ఏసినా."

"ఊఁ," అంది ఉమామహేశ్వరమ్మ. ఆ 'ఊఁ' ఎంత పొడుగ్గా ఉంటే కేసు అంత పొడుగని ఫిలిప్ అనుభవం. ఇది బాగా పొడుగ్గానే ఉంది. తాళాలు జేబులో వేసుకుని కిందికి దిగాడు.

రెబెకా విషయమంతా విని టిఫిన్ క్యారియర్ వెనక సీట్లో పెట్టింది. తర్వాత, "రాళ్ళు చూడ్డానికి పొద్దున్నే లేచి రెడీ అయినా. బెలుం రాళ్ళు కాకపోతే ఆ రాళ్ళే చూస్తా. నన్ను ఇంటికాడ దింపుతానంటే మటుకు ఊరుకునేది ల్యా," అంది. అలా నలుగురూ ఆళ్ళగడ్డ దారి పట్టారు. నేలమీద నాపరాళ్ళు, గోడలకు నాపరాళ్ళు, పొలం గట్లకు నాపరాళ్ళు ఉండే జిల్లాలో పెళ్ళిరోజు పూట రాళ్ళు చూడబోవడం తన ఖర్మ కాకపోతే మరేమిటని దారి పొడుగునా ఫిలిప్ లోపల గొణుక్కుంటూనే ఉన్నాడు.

*

రాకాసిగుండ్లు ఒక చిన్న మిట్ట మీద ఉన్నాయి. మనిషి ఛాతీ ఎత్తు రాళ్ళు, గుండ్రంగా, ఒక్కోటీ ఒక్కో రకంగా వంగి. ఎప్పుడో వేల ఏళ్ళ కిందట చచ్చినవాళ్ళను పూడ్చి, చుట్టూ రాళ్ళు నిలబెట్టారట. మొన్నటిదాకా, పడమటి వైపు మనిషి ఒరుసుకుంటూ పోయే సన్నటి కాలిబాట తప్ప, చుట్టూ కంప అల్లుకుని మేక కూడా దూరలేని చోటు, ఇప్పుడు నున్నగా గొరిగినట్టుంది. పక్కనే కొత్త రేకు బోర్డు: 'పన్నెండు రాళ్ళు, పన్నెండు నెలలు. మన పూర్వీకుల పంచాంగం.'

బోర్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలోంచి ఒక పెద్దాయన లేచి వచ్చాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. రిటైరయిన లెక్కల మాస్టరు జయప్రకాష్. తాతా, తండ్రీ, తనూ మూడు తరాలుగా బడి ఉద్యోగాలే. సెంటు పొలం లేదు.

"చూడటానికి వచ్చినారా? రండి రండి. బాలమ్మా, నువ్వే తీసుకొచ్చినావా?" అన్నాడు. బాలమ్మను చూడగానే ఆయన నవ్వు కొంచెం పలచబడింది కానీ, రాళ్ళ సంగతి మొదలుపెట్టేసరికి మళ్ళీ పుంజుకుంది. అరగంట చెప్పాడు. ఒక్కో రాయీ ఒక్కో నెలకు గుర్తట. వచ్చే నెల యూనివర్సిటీ నుంచి బృందం వస్తోందట. వాళ్ళ ఉత్తరం లామినేషన్ చేయించి సంచీలో పెట్టుకుని తిరుగుతున్నాడు. చివర తను రాసిన చిన్న పుస్తకం తలా ఒకటి చేతిలో పెట్టాడు. అట్ట వెనక 'ఏప్రిల్' అని అచ్చయి ఉంది. ఇది ఆగస్టు. లోపల మొదటి పేజీలోనే స్కేలు, కంపాసు పెట్టి గీసిన బొమ్మ: పన్నెండు రాళ్ళ చక్రం, ఎక్కడా ఖాళీ లేదు.

"ఇంత శుభ్రం చేయించింది మీరేనా సార్?" అంది ఉమామహేశ్వరమ్మ.

"పోయిన నెల జేసీబీ పెట్టి కంప కొట్టించినామమ్మా. వచ్చేవాళ్ళకు ఒక పద్ధతిగా కనిపించాల కదా."

ఆమె తలాడించి, రాళ్ళ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ప్రతి రాతి మీదా చెయ్యి వేసి నిమిరింది. పడమటి వైపున్న రాతి దగ్గర ఆగి ఫిలిప్‌ను పిలిచింది. "ఇది పట్టుకుని చూడు. తర్వాత పక్కది పట్టుకుని చూడు."

ఫిలిప్ పట్టుకున్నాడు. ఈ రాయి నడుం ఎత్తున నూనె రాసినంత నున్నగా ఉంది. పక్కది గరగరలాడుతోంది. నున్నటి రాతికి నేలనుంచి జానెడు ఎత్తున చుట్టూ నల్లటి గీత కూడా ఉంది, నల్లరేగడిలో నానిన మరక. మిగతా రాళ్ళకు మరక నేలతో సమంగా ఉంది.

"ఇదెందుకు ఇంత నున్నగుంది?"

"దేవుడికే తెలియాల మేడం."

"దేవుడిదాకా ఎందుకు? మీ ఇంట్లో బర్రెలు లేవా?" అనేసి ఆమె అవతలికి నడిచింది. ఫిలిప్‌కు తిక్కరేగింది. రాయి గురించి అడిగి బర్రెల గురించి చెప్పే మనిషితో ఏం వేగాలి?

ఈలోపు మోటారుసైకిలు మీద మహేష్ దిగాడు. బెలుం గుహల దగ్గర గైడు. అక్కడికి వచ్చే పార్టీలను మాటల్లో పెట్టి, తిరుగు ప్రయాణంలో ఇటు కూడా తిప్పడం ఈ ఏడాది కనిపెట్టిన కొత్త దారి. పట్టుచీరలో ఉన్న రెబెకాను చూడగానే ఫోను తీశాడు.

"అక్కా, ఫొటో తీస్తా రా. అందరూ నిలబడే చోటుండాది, ఆడ నిలబడు." రెబెకాను పడమటి వైపు తీసుకుపోయి, నున్నటి రాతి ముందు ఆగి తల గోక్కున్నాడు. "ఈడ కాదే... ఈడ రాయుండాదే. సరేలే, పక్కకు నిలబడు."

"అందరూ నిలబడే చోటు నాకూ చూపించప్పా," అంది ఉమామహేశ్వరమ్మ. మహేష్ తడుముకోకుండా ఫోనులో ఫొటోలు జరిపి చూపించాడు. మే నెల పెళ్ళి బృందం. ఎనిమిదిమంది రెండు రాళ్ళ నడుమ, భుజం భుజం ఆనించి, పళ్ళికిలించి నిలబడ్డారు.

ఆమె ఫోను తిరిగి ఇచ్చేస్తూ, "ఒక్క సంగతి చెప్పు. హద్దురాయి పాతేటప్పుడు గుంతలో అడుగున ఏమేస్తారు?" అంది.

"ఏమేస్తారు... సిమెంటు. రెండు తట్టల కంకరేస్తే కదలదు."

అదే ప్రశ్న జయప్రకాష్ మాస్టరుకు వేసింది. ఆయన, "అడుగున వేసేదేముందమ్మా? గుంత తవ్వి, నిలబెట్టి, మట్టి కప్పి తొక్కుతారు," అన్నాడు.

సుబ్బయ్యను వెతుక్కుంటూ పొలంలోకి పోయారు. అరవై దాటిన రైతు, నడుముకు తువ్వాలు బిగించి గడ్డి కోస్తున్నాడు. బాలమ్మను చూసి కొడవలి పక్కన పెట్టాడు, మాట మాత్రం పెట్టలేదు.

"ఏందీ, పోలీసులను తెస్తివా?"

"పోలీసులు కాదులే అప్పా," అంది ఉమామహేశ్వరమ్మ. "ఆ రాయి ఎవరు జరిపినారని అడగను వచ్చినాం."

"నాకేం తెలుసు? నేను జరపల్యా. రాయి యాడుంటే హద్దు ఆడ. సర్వేయరు వచ్చి కొలుస్తాడు. అంతే."

"రెండు నెలల కిందట యాడుండేదో నీకు తెలుసా, తెలియదా?"

"నా పొలం పనే నాకు సరిపోతాది. రాళ్ళెంట నేను తిరగలేను."

"సరే. హద్దురాయి పాతేటప్పుడు గుంతలో అడుగున ఏమేస్తారు?"

"బొగ్గులు," అన్నాడు సుబ్బయ్య ఠక్కున. "బొగ్గులు, ఉప్పు, ఇంత వరిపొట్టు..." అక్కడ నోరు ఆగిపోయింది. ఆమె ముఖంలోకి చూశాడు. "ఎందుకడుగుతాండావు?"

"ఊరికే," అంది ఆమె.

కారు దగ్గరికి తిరిగి వస్తుంటే ఫిలిప్ ఇక ఉండబట్టలేకపోయాడు. "మేడం, సర్వేయరు వచ్చేదానికి రెండు గంటలు కూడా ల్యా. సుబ్బయ్య కళ్ళెదురుగా కనిపిస్తాండాడు. లాభం ఆయనదే. ఆయన్ను గట్టిగా అడగకుండా అందరినీ సిమెంటు, బొగ్గులని అడుగుతాండారు. నాకేమీ అర్థం కాలేదు."

"లాభం వచ్చిన ప్రతివాడూ దొంగయితే, నిన్న వాన కురిసినందుకు ఈ ఊరి రైతులందర్నీ లోపలెయ్యాల," అంది ఉమామహేశ్వరమ్మ. "రెబెకా, ఆ క్యారియర్ తియ్యమ్మా. పని కడుపు నిండినాకే. బాలమ్మా, నీ ఇంట్లో పార ఉంటే తెచ్చి పెట్టు."

రెబెకా తెల్లవారుజామున లేచి చేసిన ఉగ్గాని, బజ్జీలు బెలుం గుహల నీడలో తినవలసినవి. వాటిని రాకాసిగుండ్ల ఎండలో, కొంగులు తలమీద వేసుకుని తిన్నారు. బాలమ్మకు మాత్రం ముద్ద దిగలేదు. మాటిమాటికీ లేచి బోరు వైపు చూసి వచ్చి కూర్చుంది.

*

మూడు గంటలకు సర్వేయరు బ్యాగూ, మిషనూ మోసుకుని వచ్చాడు. ఉమామహేశ్వరమ్మ ముందే చెప్పి పంపినందువల్ల సుబ్బయ్య, మహేష్, జయప్రకాష్ మాస్టరు ముగ్గురూ రాళ్ళ దగ్గరే ఉన్నారు. వేడుక చూడ్డానికి ఊళ్ళోంచి మరో పదిమంది చేరారు. బాలమ్మ అడిగితే నోరు కుట్టేసుకున్నవాళ్ళే.

సర్వేయరు నేరుగా నున్నటి రాతి దగ్గరికి పోబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒక్క పది నిమిషాలు ఆగు నాయనా. నువ్వు కొలిచేది రాతిని కాదు, హద్దును. ఆ రెండూ ఇప్పుడు ఒక చోట లేవు."

"రికార్డులో నిలువురాయి అనే ఉంది మేడం."

"ఉంది. ఆ రాయి ఇదే. ఇంతకుముందు ఇది ఈ గుండ్లల్లో లేదు. చెయ్యేసి చూడు. నడుం ఎత్తున ఎంత నున్నగుందో. ఎన్నో ఏళ్ళు బర్రెలు ఒళ్ళు రుద్దుకుంటే వచ్చిన నునుపది. పక్క రాళ్ళకు అది లేదు. ఎందుకంటే అవి మొన్నటిదాకా కంపలో ఉన్నాయి. బర్రెలు కంపలోకి పోవు. బయట, పొలం అంచున ఒంటరిగా ఉన్న రాతికే ఆ భోగం. ఈ మట్టి మరక చూడు. మిగతా వాటికి నేలతో సమంగా ఉంది, దీనికి జానెడు పైన ఉంది. పాత గుంత లోతు, కొత్త గుంత లోతు ఒకటి కావు."

ఫిలిప్ నాలుక కరుచుకున్నాడు. పొద్దున ఆ రాతి మీద చెయ్యి వేసింది తనే. ఇంట్లో రెండు బర్రెలున్నవాడూ తనే.

"ఫిలిప్, ముందు ఈ రాతి మొదట్లో తవ్వు," అంది ఆమె. పెళ్ళిరోజుకని కుట్టించుకున్న చొక్కా చేతులు మడిచి ఫిలిప్ పార అందుకున్నాడు. అడుగున్నర లోతుకు వదులు మట్టి, దాని కింద ఇంకా పచ్చి వదలని కంప కొమ్మ ఒకటి. బొగ్గు అన్నది లేదు.

తర్వాత ఆమె బాలమ్మను నడిపించింది. తాను పెళ్ళయి వచ్చిన నాటినుంచీ రాయి ఎక్కడుండేదో బాలమ్మ కాళ్ళకు తెలుసు. పడమటి వైపు ఇరవై అడుగులు వేసి, దున్నిన చాలు మీద నిలబడింది. ఫిలిప్ అక్కడ పార వేశాడు. ఒక అడుగు, రెండడుగులు. చెమట కళ్ళల్లోకి కారుతోంది. కొండను తవ్వి ఎలుకను పట్టినా ఫరవాలేదు, ఆ ఎలుకయినా దొరికితే చాలు ప్రభువా అనుకున్నాడు. మూడో అడుగు దగ్గర పార అంచుకు నల్లటి ముక్క తగిలింది. వంగి తీశాడు. బొగ్గు. దాని కింద గుప్పెళ్ళకొద్దీ బొగ్గు, ఎవరూ కదపని పొరగా.

చుట్టూ ఉన్నవాళ్ళు గుంత మీదికి వంగారు.

"రాయి జరుగుతుందని మన పెద్దవాళ్ళకు తెలుసు," అంది ఉమామహేశ్వరమ్మ. "అందుకే అడుగున బొగ్గు పోసేవాళ్ళు. బొగ్గు కుళ్ళదు, చెద పట్టదు. మా నాయన కరణంగా ఉన్నప్పుడు ఎన్ని తగాదాలు బొగ్గు తవ్వి తీర్చినాడో లెక్క లేదు. సుబ్బయ్యప్పా, ఈ బొగ్గు పోసిందెవరు?"

సుబ్బయ్య గుంతలోకి చూశాడు. "మా నాయన. బాలమ్మ మామ. ఇద్దరూ కలిసి పోసినారు. నేను చిన్నోణ్ణి, గంప పట్టుకున్నా."

"దొంగ," అంది బాలమ్మ. "నువ్వే జరిపినావు."

"ఆయన కాదు బాలమ్మా," అంది ఉమామహేశ్వరమ్మ. "ఇందాక నేనడగ్గానే బొగ్గులు అని ఠక్కున చెప్పిన మనిషి ఆయన. హద్దు మింగాలనుకునే రైతు రాతిని వదిలేసి ముందు బొగ్గు తవ్వి పారేస్తాడు. బొగ్గు ఇక్కడ పెట్టుకుని రాతిని జరపడమంటే, ఇంటి పత్రాలు ఇంటాయన దగ్గరే వదిలేసి ఇల్లు కాజేయబోయినట్టు. ఈ పని చేసినవాడికి బొగ్గు సంగతే తెలియదు. సేద్యం ఎరగనివాడు. సుబ్బయ్య చేసిన తప్పు వేరే ఉంది. రాయి జరిగిందని చూసినాడు, బొగ్గు యాడుందో తెలుసు, అయినా నోరు మెదపలేదు. అయాచితంగా వస్తే ఎందుకు వద్దనాలని ఊరుకున్నాడు."

సుబ్బయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కాదనలేదు.

"ఇక సేద్యం ఎరగనివాళ్ళు ఇద్దరు. రాతి కింద కంప కొమ్మ పడిందంటే, కంప కొట్టను జేసీబీ వచ్చిన రోజే రాయి జరిగింది. మహేష్, జేసీబీ ఎవరు తెచ్చినారు?"

"నేనే మాట్లాడించినా మేడం. కానీ ఆ పొద్దు నేను బెలుం కాడ పార్టీతో ఉన్నా," అన్నాడు మహేష్ కంగారుగా.

"నువ్వు కాదులే. రాయి నిలబెట్టినవాడివే అయితే రెబెకాను తీసుకుపోయి దాని ముందు తల గోక్కుంటావా? అక్కడ ఖాళీ ఉండేదని ఫొటో తీసి చూపిస్తావా? మే నెలలో ఆ సందులో ఎనిమిదిమంది నిలబడినారు. అంటే మేలో గుండ్లు పదకొండే." ఆమె సంచీలోంచి చిన్న పుస్తకం తీసి తెరిచింది. "ఇది ఏప్రిల్‌లో అచ్చయింది. ఇందులో పన్నెండున్నాయి. రాయి నేలమీద నడవకముందే పుస్తకంలో నడిచింది. సార్, ఈ బొమ్మ గీసింది మీరు."

అందరి తలలూ జయప్రకాష్ మాస్టరు వైపు తిరిగాయి. ఆయన చేయి జేబులోని పెన్నుల మీదికి పోయి అక్కడే ఉండిపోయింది.

"పన్నెండు ఉండాల," అన్నాడు చివరికి, నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టు. "లెక్క పన్నెండే. ఒక సందు మిగిలింది, బయట ఒక రాయి మిగిలింది. ఏనాడో అది ఇక్కడినుంచే పోయి ఉంటుందని నాకు నమ్మకం. దాని చోట దాన్ని పెట్టినాననుకున్నాను. వచ్చే నెల పెద్ద పెద్దవాళ్ళు వస్తున్నారు. పదకొండు రాళ్ళు చూపించి పన్నెండు నెలలని ఎట్లా చెప్పేది? అది హద్దురాయని నాకు తెలియదు. దేవుని తోడు."

"తెలియదు. అది నిజమే," అంది ఉమామహేశ్వరమ్మ. "ఎప్పుడు తెలిసింది?"

ఆయన సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"బాలమ్మ అర్జీ రాయమని వచ్చిన రోజు తెలిసింది. సుబ్బయ్య పేరు రాయమని రెండుసార్లు చెప్పింది. మీరు రాయలేదు. తప్పు చేయనివాడి పేరు రాయను మీకు చెయ్యి రాలేదు. చేసినవాడి పేరు రాయనూ చెయ్యి రాలేదు. గుర్తు తెలియని వ్యక్తులని రాసి, చదవను రాని మనిషి చేత వేలిముద్ర వేయించినారు. పొద్దున ఆ కాగితం చదివినప్పుడే నాకు అనుమానం. ఊరంతా ఒక పేరు అనుకుంటుంటే, ఆ పేరు కాదని అంత గట్టిగా ఎరిగిన మనిషి ఒక్కడే ఉంటాడు."

సర్వేయరు గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఇదంతా బాగానే ఉంది. ఇద్దరు రైతులూ ఒప్పుకుని సంతకం పెడితేనే నేను బొగ్గుకాన్నుంచి కొలుస్తా. లేకపోతే రాయే రాసుకుని పోవాల."

బాలమ్మ సుబ్బయ్య వైపు తిరిగింది. ఆమె బోరు, పసుపు, రేపటి గంజి అన్నీ ఇప్పుడు ఆ ముసలాయన నోట్లో ఉన్నాయి. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. సుబ్బయ్య గుంత అంచుకు వచ్చి ఒక బొగ్గు ముక్క తీసుకుని, మట్టి దులిపి, మళ్ళీ ఉన్నచోటే పెట్టాడు.

"మా నాయన పోసిన బొగ్గు మీద నిలబడి అబద్ధం చెప్పలేను. ఈడ్నించే కొలువప్పా," అన్నాడు.

కొలవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బాలమ్మ బోరు హద్దుకు పదకొండు అడుగులు ఇవతల, ఆమె పొలంలోనే నిలిచింది. సుబ్బయ్య సంతకం పెట్టి, ఎవరూ అడగకముందే రాయి తిరిగి తేవడానికి ట్రాక్టరు, తాళ్ళు పట్టుకొస్తానని ఇంటికి పోయాడు. చేసిన తప్పుకు అంతకంటే క్షమాపణ ఆయన దగ్గర దొరకదు.

బాలమ్మ బోరు దగ్గరికి పోలేదు. నేరుగా వచ్చి జయప్రకాష్ మాస్టరు ముందు నిలబడింది. ఈ మనిషి నాలుగు తిట్లు తిడుతుందని, తిట్టాలనీ ఫిలిప్ ఎదురుచూశాడు. ఇన్ని రోజులు ఆమెకు నిద్ర లేకుండా చేసినవాడిని, పక్క పొలంవాడితో శత్రుత్వం పెట్టినవాడిని, పైగా అర్జీ రాసిచ్చి పుణ్యం కట్టుకున్నవాడిని తిట్టక ఏం చేయాలి?

"సార్," అంది బాలమ్మ. "హద్దుకు ఏ రాయయితే ఏమి? నాలుగు నాపరాళ్ళు పాతుకున్నా సరిపోతాది. మీకు ఆ రాయి కావాలని నన్ను ఒక్క మాట అడిగింటే, నేనే మనుషులను పెట్టి మోయించి ఇచ్చేదాన్ని గదా."

మాస్టరు తలెత్తి ఆమెను చూశాడు.

"అడగాలని నాకు తోచనే లేదు బాలమ్మా," అన్నాడు.

అది అబద్ధం కాదని ఫిలిప్‌కు అర్థమయింది. అందుకే ఆ రోజు మొత్తంలో అతనికి అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించిన మాట అదే.

సుబ్బయ్య ట్రాక్టరు మిట్ట ఎక్కింది. రాయి పక్కకు ఒరగకుండా రెండు వైపులా పట్టుకోవడానికి తాళ్ళు కట్టారు. బాలమ్మ చెంగు నడుముకు చుట్టి ఒక తాడు తను పట్టుకుంది. రెండో తాడు తీసుకుపోయి జయప్రకాష్ మాస్టరు చేతుల్లో పెట్టింది.

"గట్టిగా పట్టుకోండి సార్. బరువుంటాది," అంది.